చీలిన బండ దగ్గర కుడి

జనవరి 9, గురువారం

ఫైలు మూసేశారు.

పందొమ్మిది రోజుల తర్వాత ఈ డైరీ తెరిచాను. మధ్యలో పేజీలన్నీ ఖాళీ. అలాగే ఉండనీ.

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు. కొండ మీద దారి తప్పినాయన చేసిన అత్యవసర కాల్ రికార్డింగ్ వినిపించారు. ఇరవై ఆరు నిమిషాలు. నా గొంతు నాకే ఎవరో పంతులమ్మ గొంతులా ఉంది. అంతా అయ్యాక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫోన్ చేసినవాళ్ళని ఉన్నచోటే ఉండమనాలి. రక్షణ దళం వెళ్ళేదాకా మాటల్లో పెట్టాలి. అంతవరకే మీ పని. మీరు దారి చెప్పారు, అది తప్పు. కానీ మీరు చెప్పిన దారిలో ఆయన వెళ్ళలేదు. పొగమంచులో తప్పిపోయి లోయలో పడ్డాడు. హెచ్చరికతో వదిలేస్తున్నాం," అన్నాడు.

మీరు చెప్పిన దారిలో ఆయన వెళ్ళలేదు. ఈ వాక్యం రాసుకోవడానికే డైరీ తీశాను.

చీలిన బండ దగ్గర కుడి. ఆ కొండ నాకు తెలిసినట్టు మా ఆఫీసులో ఇంకెవరికీ తెలీదు. పదేళ్ళప్పుడు అన్నయ్య చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. "చీలిన బండ దగ్గర కుడి, చీలిన బండ దగ్గర కుడి" అని ఎక్కాల్లా వల్లె వేయించాడు. ముప్పై ఆరేళ్ళయింది. అన్నయ్య పోయాక కూడా సెలవు దొరికితే ఒక్కదాన్నే పోతాను. ఊరికే కొండమ్మ అని పేరు పెట్టలేదు నాకు.

ఆయన అడిగాడు, నేను చెప్పాను. కుడి అన్నాను.

జనవరి 10, శుక్రవారం

మళ్ళీ నా కుర్చీ, నా హెడ్‌ఫోన్. పక్క సీటామె, అందరూ రేడియో అంటారు, నోరు మూతపడదు గనక, ఇవాళ పొద్దున్నించీ ఒక్క ముక్క మాట్లాడలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

పదకొండు కాల్స్. ఒక తాతగారు గుండె నొప్పి అన్నాడు. అంబులెన్స్ కుర్రాళ్ళు తలుపు ఎటుందని అడిగితే "మెట్లెక్కగానే..." అని ఆయన చెబుతున్నాడు, నేను హెడ్‌ఫోన్ తీసి రేడియోకి ఇచ్చేశాను. దాహంగా ఉందన్నాను.

జనవరి 11

కుడి అన్నాను. ఆయన సరే అన్నాడు. ఫోన్లో ఛార్జి అయిపోయింది. జరిగింది అంతే.

జనవరి 13, సోమవారం

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "కొండమ్మగారూ, ఒకావిడ రెండోసారి వచ్చింది. కొండ మీద పోయిన ఆ బస్సు డ్రైవర్ భార్యంట. తన భర్తతో ఆఖర్న మాట్లాడినవాళ్ళని ఒక్కసారి చూస్తానంటోంది. నేను పేర్లు చెప్పలేదు లెండి."

"మంచిపని చేశారు."

"పాపం, గొడవకి రాలేదండీ. ఊరికే నిలబడుతుంది."

కిటికీలోంచి చూశాను. మగవాళ్ళ స్వెట్టర్ వేసుకుంది, దాని చేతులు రెండు మడతలు మడిచి. నేను క్యాంటీన్ వెనక తలుపు నుంచి ఇంటికొచ్చేశాను.

జనవరి 15, బుధవారం

అన్నయ్య పోయిన దగ్గర్నించి నేనూ వదినా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ముందుగదిలో ఆవిడ కుట్టు మిషను, వెనకగదిలో నేను. ఇవాళ భోజనం దగ్గర పట్టుకుంది.

"ఏం పిల్లా, కంచం ముందు కూర్చుని ఎవరి కోసం ఎదురుచూపులు?"

"ఆకలి లేదు వదినా."

"నాలుగు వారాలైంది నువ్వు కొండ మొహం చూసి. అదేమన్నా నీ అత్తగారిల్లా, అలిగి మానెయ్యడానికి?"

"మోకాలు నొప్పి."

"ఏ మోకాలు?"

"ఎడమది."

"పొద్దున కుడిది అన్నావే?"

నేను కంచం తీసుకుని లేచిపోయాను. ఆవిడ మామూలుగానే అంది, నాకు తెలుసు. తర్వాత చాలాసేపు మిషను చప్పుడు వినపడలేదు.

జనవరి 16

ఇరవై ఆరు నిమిషాల్లో ఇరవై ఆరు నిమిషాలూ నేను ఆయనతోనే ఉన్నాను. అది కూడా రాసి పెట్టుకోవాలి.

జనవరి 18, శనివారం

వాచ్‌మన్ ఒక కవరు చేతిలో పెట్టాడు. "తీసుకోనంటే ఏడుస్తుందేమోనని తీసుకున్నానండీ."

ఉత్తరం ఇది. కాపీ చేస్తున్నాను, ఎందుకో తెలీదు.

"అక్కా, మీరెవరో నాకు తెలీదు. ఆడమనిషి అని మాత్రం చెప్పారు. మా ఆయన బడి బస్సు నడిపేవాడు. ఆరు రోజులూ పిల్లల గోలలో ఉంటాను, ఒక్కరోజు చప్పుడు లేని చోటికి పోయొస్తానని వెళ్ళాడు. ఆ కొండకి అదే మొదటిసారి. చివర్లో ఆయన ఒక్కడే లేడు, మీరున్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే నిద్రపోతున్నాను. మార్కెట్ వెనక లాండ్రీలో పనిచేస్తాను. ఎప్పుడైనా కనబడితే మీ చేతులు పట్టుకోవాలని ఉంది."

సోమవారం నాకు ఆఫ్. కొండకి వెళ్తాను. కుడి దారిని కళ్ళారా చూసుకుంటాను. చూసొచ్చి ఆవిడ దగ్గరికి వెళ్తాను. చేతులు పట్టుకోనిస్తాను. అప్పుడు నాకూ నిద్ర పడుతుంది.

జనవరి 20, సోమవారం, కొండ మీద

పదకొండున్నర. చేతులు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు వంకర. అయినా ఇక్కడే రాయాలి.

ఏడున్నర బస్సుకి దిగాను. అడవి గార్డు చెక్‌పోస్టు గదిలో హీటరు ముందు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. "చాన్నాళ్ళకి! ఒక్కరేనా?" "ఎప్పుడు ఇద్దరం వచ్చాం?" "మూడింటికల్లా దిగిపోండి, మంచు ముందే కమ్ముతోంది ఈ ఏడు." రిజిస్టరు నావైపు తోశాడు. చలికాలం కదా, ఎవరూ రారు, నెల మొత్తం ఒకే పేజీ. డిసెంబర్ 22 వరసలో ఆయన చేతిరాత ఉంది. గుండ్రంగా, బడిపిల్లవాడి రాతలా. ఎక్కిన టైము పదకొండు పది. దిగిన టైము గడి ఖాళీ.

దాని కింద నా వివరాలు రాసి గబగబా బయటికొచ్చేశాను.

దారి ఎంత బాగుందో. అలా అనకూడదేమో. బాగుంది. గడ్డి మీద గడ్డకట్టిన మంచు, అడుగేస్తే పటపటమంటోంది. వాగు అంచుల్లో అద్దంలాంటి పలక, దాని కింద నీళ్ళు కదులుతున్నాయి. చెట్ల వేర్ల మెట్లు, తర్వాత చెక్క బెంచి, తర్వాత పైన్ చెట్లు. ఊపిరి మొహం ముందు తెల్లగా లేస్తోంది. నెల రోజుల తర్వాత నా కాళ్ళు నావి అనిపించాయి.

చీలిన బండ దగ్గరికి రాగానే ఆగాను. అక్కడ దారి రెండవుతుంది. ఎడమ వైపుది పూర్వం రాళ్ళు కొట్టేవాళ్ళు వాడిన బాట, లోయ అంచుదాకా పోయి ఆగిపోతుంది. కుడి వైపుది అసలు దారి.

కుడి! పైకే అన్నాను. రెండుసార్లు అన్నాను. ఎవరూ లేరు కదా. కుడికి తిరిగి, ఎక్కి, ఇదిగో పైన కూర్చున్నాను.

నేను చెప్పింది సరైనదే. సరైనదే. ఆయనే ఎడమకి పోయాడు. పాపం. మంచులో ఎవరికైనా అంతే.

రొట్టె, గుడ్డు తిన్నాను. నెలలో మొదటిసారి రుచి తెలిసింది. కాస్త ఏడ్చాను కూడా. ఊరు కింద అగ్గిపెట్టెల్లా ఉంది. రేపే లాండ్రీకి వెళ్తాను.

అదే రోజు, సాయంత్రం, ఇంట్లో

రాస్తాను. రాయకపోతే రేపటికి ఇంకోలా మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

పన్నెండింటికి దిగడం మొదలుపెట్టాను. మంచు లేదు, ఎండ ఉంది. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాను కూడా. బండ దగ్గరికొచ్చాను. కాళ్ళు వాటంతటవే తిరిగాయి.

ఎడమకి.

నాలుగడుగులు వేశాక ఆగిపోయాను.

వెనక్కి, పైకి ముప్పై అడుగులు ఎక్కి, మళ్ళీ దిగాను. మళ్ళీ ఎడమకే. చెయ్యి ఎత్తి చూసుకున్నాను, గాజు ఉన్న చెయ్యి, ఎడమ చెయ్యే. నాలుగుసార్లు ఎక్కి దిగాను. కొండ అదే, బండ అదే. కింద నుంచి ఎక్కేవాళ్ళకి అసలు దారి కుడిన ఉంటుంది. పైనుంచి దిగేవాళ్ళకి ఇంటికి పోయే దారి ఎడమన, లోయకి పోయే బాట కుడిన.

ఆయన దిగుతున్నాడు.

దిగేటప్పుడు ఎప్పుడూ అన్నయ్య ముందు నడిచేవాడు, నేను వెనక. అన్నయ్య పోయేనాటికి కాళ్ళకి అలవాటైపోయింది. దిగే దారి నా కాళ్ళకి తెలుసు, నా నోటికి తెలీదు. ముప్పై ఆరేళ్ళలో దాన్ని ఒక్కసారి కూడా మాటల్లో పెట్టలేదు.

సరే అన్నాడని రాశాను పదకొండో తారీఖున. ఊరికే సరే అనలేదు. ఇలా జరిగింది.

"బండ కనిపిస్తోంది మేడమ్. మధ్యలో చీలింది, అదేనా?"

"అదే. ఇంక భయం లేదు. కుడికి తిరగండి."

"కుడికా? ఎడమది కాస్త తొక్కిన దారిలా ఉందండీ."

"కుడే అండీ. ముప్పై ఆరేళ్ళుగా ఎక్కుతున్నాను."

"కుడి కదా?"

"కుడే."

"మీరు చెప్తే సరే. డ్రైవర్ని కదా, కుడంటే కుడే తిప్పుతాను." నవ్వాడు.

ఎక్కుతున్నాను అన్నాను. నోటితో అన్నాను, చెవులతో వినలేదు.

తర్వాత, "కొంచెం నడిస్తే చెక్క బెంచి వస్తుంది, అక్కణ్ణించి ఊరి దీపాలు కనిపిస్తాయి" అన్నాను. కాసేపటికి ఆయన, "బెంచి ఇంకా రాలేదండీ" అన్నాడు. వస్తుంది, నడవండి అన్నాను. ఇంకో పది అడుగులు అన్నాను. సరే అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఆగిపోయింది.

రికార్డింగ్ విన్నవాళ్ళకి కొండ తెలీదు. కొండ తెలిసిన రక్షణ దళం వాళ్ళు రికార్డింగ్ వినలేదు. రెండూ తెలిసింది నాకొక్కదానికే. నెల రోజులు తెలియనట్టు ఉన్నాను.

కుడి బాటలో నడిచాను. ఆయన నడిచినంత మేరా. మొదట్లో వెడల్పుగా, నమ్మకంగా ఉంటుంది ఆ బాట. రెండొందల అడుగుల దాకా ఎవరికీ అనుమానం రాదు. ఆ తర్వాత కంకర జారుతుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఒక పొదకి రక్షణ దళం వాళ్ళ పసుపు రిబ్బన్ ముక్క చిక్కుకుని ఉంది.

అంచుకి కాస్త ఇవతల కూర్చున్నాను. ఎంతసేపో తెలీదు. ఎండ బండ మీద నుంచి జరిగిపోయింది. లేవకపోతే ఏమవుతుంది అనుకున్నాను. చలి తన పని తాను చేసుకుపోతుంది, నేనేమీ చెయ్యక్కర్లేదు. ఆ ఆలోచన మెత్తగా, వెచ్చగా ఉంది. దాన్ని చూసి భయమేసిందని రాయాలనుంది, కానీ వెయ్యలేదు.

చివరికి నన్ను లేపింది ఏ గొప్ప సంగతీ కాదు. ఒంటేలు వచ్చింది. ఏడుపు మధ్యలో లేచి పొద చాటుకి పోవాల్సి వచ్చింది. అక్కడ అంత చలిలో చీర కుచ్చిళ్ళు పట్టుకుని కూర్చుని, ఇంత బతుకూ ఇంతే కదా అనుకున్నాను. లేచాక మళ్ళీ అంచు దగ్గరికి పోబుద్ధి కాలేదు.

చెక్‌పోస్టులో గార్డు రిజిస్టరు తోశాడు. "టైము వెయ్యండి. నాలుగు దాటింది, కంగారుపడ్డాను."

నా గడి నింపాను. దాని పైన ఆయన గడి.

జనవరి 21

డ్యూటీకి వెళ్ళలేదు. జ్వరం అన్నాను. వదిన నుదురు మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉందని తెలిసీ దుప్పటి కప్పి పోయింది.

జనవరి 22, బుధవారం

ఇన్‌ఛార్జి మేడమ్‌కి చెప్పాను. కాగితం మీద బొమ్మ గీసి, బండ పెట్టి, బాణాలు వేసి చూపించాను. ఆవిడ చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలోనే పెట్టింది.

"నువ్వు సెలవులో ఉన్నావ్. నా గదిలోకి రాలేదు."

"మేడమ్, ఆయన రెండుసార్లు అడిగాడు..."

"ఫైలు మూసేశారమ్మా. తెరిస్తే నీ ఒక్కదాని మెడకే చుట్టుకోదు. పదిహేడేళ్ళలో ఎంతమందిని బతికించావో లెక్కుందా? పో, వారం రోజులు పడుకో."

పదిహేడేళ్ళు. వాళ్ళలో ఒక్కరి గొంతు కూడా గుర్తు లేదు నాకు.

జనవరి 24, శుక్రవారం

లాండ్రీకి వెళ్ళాను.

లోపలంతా ఆవిరి. హాస్పిటల్ దుప్పట్లు గుట్టలుగా ఉన్నాయి. ఆవిడ స్వెట్టర్ మేకుకి తగిలించి ఉంది. నేనెవరో చెప్పగానే తడిచేతులు గబగబా తుడుచుకుని నా రెండు చేతులూ పట్టేసుకుంది. "వచ్చారా అక్కా, వచ్చారా" అంటోంది. చేతులు వేడిగా ఉన్నాయి. లాక్కోలేకపోయాను. అలా పట్టుకుని ఉండగానే చెప్పాను.

మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను, కుడీ ఎడమా చేతులతో చూపిద్దామంటే చేతులు ఆవిడ దగ్గరున్నాయి. అప్పుడు వదిలింది.

ఒక దుప్పటి తీసింది. రెండో కొస నాకు ఇచ్చింది, అలవాటు కొద్దీ కావచ్చు. ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడిచాం. దగ్గరకొచ్చాం, దూరం జరిగాం, మళ్ళీ దగ్గరకొచ్చాం. మూడు దుప్పట్లు.

"బెంచి ఉందా అసలు?"

"ఉంది. ఎడమ దారిలో."

"ఆయన తిరిగి అడిగాడా?"

"అడిగాడు. రెండుసార్లు."

"ఆయనకంతే. ఉప్పు సరిపోయిందన్నా రెండుసార్లు అడుగుతాడు."

నాలుగో దుప్పటి ఇవ్వలేదు. తనే గుండెలకి ఆనించి పట్టుకుని మడిచింది.

"ఆఖర్న ఎవరో ఒకరు తోడున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ," అంది. గొంతు పెంచలేదు. "మీరు చెప్పకపోతే అలాగే బతికేసేదాన్ని. చెప్పారు కదా. ఇప్పుడెలా బతకాలో అదీ చెప్పండి. దారులు చెప్పడం మీకు అలవాటేగా."

ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంక నావైపు చూడలేదు.

జనవరి 25

చెప్పి మంచిపని చేశానా? ఎవరికోసం చెప్పాను? నాకు నిద్ర పట్టాలని కదా.

పట్టలేదు.

జనవరి 27, సోమవారం

వదినకి అంతా చెప్పాను. ఆవిడ కాజా కుడుతోంది, సూది ఆపలేదు.

"మీ అన్నయ్య నేర్పిన మాటే కదే అది," అంది చివరికి. "ఆయన ఉంటే ఆయన్నీ తిట్టేదాన్ని ఇవాళ." ఆ తర్వాత దారం కొరికి, "ఇప్పుడేం చేస్తావ్?"

"రాసిస్తాను. నా మీద నేనే."

"రాయి. పెన్ను సరిగ్గా రాయడం లేదన్నావ్ మొన్న, నా దగ్గరుంది తీసుకో."

నాలుగు పేజీలు రాసి, మ్యాపు జతచేసి, ఇన్‌ఛార్జి మేడమ్‌కి కాకుండా పై ఆఫీసుకి పంపాను. ఆవిడ ఫోన్ చేసి ఒక్క మాట అంది. అది రాయను. ఆవిడ భయం ఆవిడది.

ఫిబ్రవరి 6, గురువారం

మళ్ళీ అదే గది, అదే ముగ్గురు. ఈసారి గోడకి కొండ మ్యాపు. పక్క కుర్చీలో రక్షణ దళం నాయకుడు. వెనక వరసలో ఆవిడ, అదే స్వెట్టర్‌తో. నన్ను పలకరించలేదు.

మ్యాపు మీద వేలు పెట్టి చూపించాను. రక్షణ దళం నాయకుడు తలూపి, "అవును. దిగేవాళ్ళకి ఎడమ," అన్నాడు. అంత చిన్న మాట. అది నెల క్రితం ఎవరైనా ఆయన్ని అడిగి ఉంటే సరిపోయేది.

రికార్డింగ్ వేశారు. ఆవిణ్ణి బయట కూర్చోమన్నారు, కూర్చోనంది. ఆయన గొంతు రాగానే ఆవిడ వీపు నిటారుగా అయింది. బెంచి ఇంకా రాలేదండీ. వస్తుంది, నడవండి, ఇంకో పది అడుగులు. సరే. తర్వాత గుయ్‌మనే శబ్దం.

పెద్దాయన ఆపబోయాడు.

"మళ్ళీ వెయ్యండి," అంది ఆవిడ. "అక్కడ. ఆవిడ మాట్లాడుతుండగా ఆయనేదో అంటున్నాడు."

"అక్కడ ఆపరేటర్ గొంతే ఉందమ్మా."

"దాని కింద ఉంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆయన గొంతు పెంచడు, తగ్గిస్తాడు. మళ్ళీ వెయ్యండి."

వేశారు. నాకు నా గొంతే వినపడింది. మళ్ళీ వేశారు. శబ్దం పెంచారు. మూడోసారి విన్నాను. వస్తుంది, నడవండి అని నేనంటున్న మాట అడుగున, మర్యాదగా, నన్ను అడ్డుకోవడం ఇష్టం లేనట్టు:

"వెనక్కి పోతానండీ. ఇది కాదనుకుంటా."

దాని మీదుగా నేను, ఇంకో పది అడుగులు.

సరే.

గుమస్తా ఆ వాక్యం రాసుకుంటుంటే పెన్ను చప్పుడు వినిపించింది. ఆయనకి తెలుసు. ఆయన తిరగబోయాడు. ఆ గదిలో పోయినసారి నేను ఇదంతా విన్నాను, నన్ను నేను విన్నాను, అంతే.

వరండాలో ఆవిడ నా కోసం ఆగింది. దగ్గరికి రాలేదు.

"మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంటారా?"

"కూర్చోను."

"మంచిది," అంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. స్వెట్టర్ చెయ్యి ఒకటి మడత ఊడి వేళ్ళ మీదకి జారింది, సర్దుకోలేదు.

ఫిబ్రవరి 7

ఉత్తర్వు వచ్చింది. కార్డు, హెడ్‌ఫోన్ అప్పగించాను. రేడియో గేటుదాకా వచ్చి ఏదో అనబోయి, నా కోటు కాలరు సర్ది లోపలికి పోయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

కొండకి వెళ్ళలేదు. ఇంక వెళ్ళను అని రాద్దామనుకున్నాను, అలాంటివి రాయడం మానేశాను.

వదిన నేలంతా బట్ట పరిచి కత్తిరిస్తోంది. కొస పట్టుకోమంది, పట్టుకున్నాను. ఒకావిడ పదేళ్ళ కిందటి కొలతలతోనే కోటు కుట్టమని పట్టుబట్టిందట. "నేను లావవలేదు, నీ టేపు పొట్టిదైంది అంటుందే!" అంది. కాలరు దగ్గర గుడ్డ చాలదంది. దానికి ఏం చెయ్యాలో నాకు తట్టింది, నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. వదిన మాటలు కోటు నుంచి గుండీల దాకా, గుండీల నుంచి అన్నయ్య పాత చొక్కా దాకా వెళ్ళాయి. పోయేముందు వారం ఆయన ఏదో చెప్పబోయి మానేశాడని, అదేమిటో ఇప్పటికీ తెలీదని అంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఎప్పుడైనా మొదలుపెట్టిందేమో, నేనే మాట అందుకున్నానేమో.

ఆవిడ ఆగింది. కత్తెర కింద పెట్టింది.

ఆగాక కూడా నేను కాసేపు మాట్లాడలేదు. ఇంకేమైనా ఉందేమోనని.